నిద్రలో కారు తాగే కరెంటు

ముందే ఒప్పేసుకుంటాను. పోయిన జనవరిలో ఒక పెద్దాయన మూడేళ్లుగా దాచుకున్నదాన్ని నేను ఒక్క క్షణంలో తుడిచేశాను. చేతిలో పదో నంబరు స్పానర్, కళ్లకి అద్దాలు, మోచేతుల దాకా రబ్బరు గ్లోవ్స్. అంటే అన్ని జాగ్రత్తలూ తీసుకునే తుడిచేశాను. బ్యాటరీది ఏ తప్పూ లేదు. తప్పు నా తలది. తల లోపల ఉండేదాని గురించి కాదు, మెడ మీద కూర్చుని ఊగుతుంది చూడండి, ఆ తల గురించే అంటున్నాను.

నా పేరు జోర్నిత్స. ఊళ్లో జోరీ అంటారు. డాన్యూబ్ నది ఒడ్డున మా ఊరు లోమ్‌లో రేవుకి వెళ్లే రోడ్డు మీద మా గెనాది మామయ్యకి బ్యాటరీల షాపు ఉంది. నేను టెక్నికల్ స్కూల్లో బళ్ల ఎలక్ట్రికల్ పని చదివి, రెండేళ్లు వియన్నాలో ఒక గ్యారేజీలో చేసి, నవంబరులో తిరిగొచ్చాను. ఎందుకొచ్చావని మీరు అడగొద్దు. అమ్మ ఇంకా అడుగుతూనే ఉంది.

వియన్నాలో నన్ను ఏడిపించింది జర్మన్ భాష కాదు, తల. మా దగ్గర తల పైకీ కిందకీ ఆడిస్తే 'లేదు'. అటూ ఇటూ ఆడిస్తే 'అవును'. అక్కడ మొత్తం ఉల్టా. మొదటి నెలంతా మా మేస్త్రీ "ఈ కారు పని అయిపోయిందా?" అని అడిగితే సంతోషంగా అటూ ఇటూ ఆడించేదాన్ని. ఆయన నిట్టూర్చి ఇంకో గంట టైమిచ్చేవాడు. రెండో ఏడాదికి ఎలాగో తల మార్చుకున్నాను. ఇంటికొచ్చాక మళ్లీ వెనక్కి మార్చుకోవాలి కదా, అది అంత తొందరగా జరగలేదు.

"ఏమే వియన్నా, కాఫీ తాగుతావా?" అనేవాడు మామయ్య. నేను తల పైకీ కిందకీ. ఆయన ఒక్క కప్పే పోసుకుని నా ఎదురుగా కూర్చుని తాగేవాడు.

"మామయ్యా, నాకేదీ?"

"వద్దన్నావుగా."

"తెలిసే ఆడుతున్నావు నువ్వు."

"నేనెక్కడ ఆడుతున్నానే, ఆడుతోంది నీ తల. ఆ తలతో ఏదో ఒకరోజు ఎవరి కొంపో ముంచుతావు."

ముంచాను. ఆ కథే ఇది.

జనవరిలో లోమ్‌లో డాన్యూబ్ నది కనపడదు. వినపడుతుంది. వారాల తరబడి తెల్లటి పొగమంచు ఊరి మీదకొచ్చి కూర్చుంటుంది. వీధి చివర ఉండే చర్చి కూడా ఉందో లేదో నమ్మకం మీద బతకాలి. దాని వెనక ఎక్కడో సరుకు పడవలు ఒకదాన్నొకటి పిలుచుకుంటూ ఉంటాయి. ఆ రోజుల్లో మా ఊళ్లో పాత కారున్న ప్రతివాళ్లూ సాయంత్రం బ్యాటరీ విప్పి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పొట్టకి ఆనించుకుని ఇంట్లోకి తెచ్చుకుంటారు. వంటింట్లో పొయ్యికి కాస్త ఎడంగా పాత పేపరు మీద పడుకోబెడతారు. పొద్దున్నే మళ్లీ ఎత్తుకెళ్లి కారులో పెడతారు. అలా చెయ్యని మనిషి ఊరు మొత్తానికి ఒక్కడే, వెల్కో తాత.

ఆ మంగళవారం పన్నెండింటికి ఆయన మంచులోంచి ఊడిపడ్డట్టు షాపులోకి వచ్చాడు. సరుకు పడవల్ని లాగే టగ్‌బోట్ల మీద ఇంజన్ మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. డెబ్భై నాలుగేళ్లున్నా భుజాలు తలుపు పట్టనంత ఉంటాయి. టోపీ తీసి చేత్తో నలుపుతూ నిలబడ్డాడు.

"గెనాదీ, నా బ్యాటరీకి జ్వరం వచ్చిందిరా."

"తీసుకురా అన్నా, చూద్దాం."

"తియ్యకూడదు."

మామయ్య నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. కాఫీ విషయంలో తప్ప అన్నిట్లోనూ ఓర్పుగల మనిషి ఓర్పు అయిపోయినప్పుడు చూసే చూపు.

"మూడు చలికాలాలుగా ఇదే పాట. తియ్యకూడదంటాడు. ఎందుకని అడిగితే చెప్పడు. నువ్వు చదువుకున్నదానివి కదా, పోయి చూడు. కొత్తది కూడా పట్టుకెళ్లు, ఎందుకైనా మంచిది."

కొత్త బ్యాటరీ, పనిముట్ల సంచీ తోపుడు బండిలో పెట్టుకుని ఆయన వెనకాలే వెళ్లాను. ఆయన టోపీ ఒక్కటే కనిపిస్తోంది. దాన్నే పట్టుకుని నడిచాను. మంచులో నడుస్తుంటే ఎంతసేపు నడిచామో తెలీదు. పది నిమిషాలే అయుండాలి, కానీ ఏదో నిద్రలోంచి ఇంకో నిద్రలోకి వెళ్లినట్టు అనిపించింది.

పెరట్లో తెల్లకారు. తొంభై తొమ్మిది నాటి జర్మన్ బండి. తెల్ల మంచులో తెల్లకారు కాబట్టి ముందు దాని అద్దాలే కనిపించాయి, గాల్లో వేలాడుతున్నట్టు. వంటింటి కిటికీలోంచి ఒక ఎక్స్‌టెన్షన్ వైరు బయటికొచ్చి, కారు బానెట్ కిందకి పాకింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దూరం నుంచే కొట్టింది.

"తాతా, ఆగు. దగ్గరికెళ్లకు. సిగరెట్ ఉంటే ఇప్పుడే చెప్పు."

"మానేసి తొమ్మిదేళ్లయింది."

ముందు ఇంట్లోకెళ్లి గోడ దగ్గర చార్జర్ ప్లగ్గు పీకాను. బ్యాటరీ మీదున్న క్లిప్పుల్ని మాత్రం అప్పుడే ముట్టుకోలేదు. ముట్టుకుంటే చిన్న నిప్పురవ్వ వస్తుంది. ఆ వాసనున్న చోట చిన్న నిప్పురవ్వ అంటూ ఉండదు. తర్వాత మెల్లగా బానెట్ ఎత్తాను.

బ్యాటరీకి ఎర్ర ఊలు చొక్కా చుట్టి ఉంది. ఆడవాళ్లు వేసుకునే చేతుల్లేని చొక్కా, గుండీలు కూడా పెట్టి ఉన్నాయి.

"ఇదేంటి తాతా?"

"చలేస్తుందని."

"చలేస్తోందని నీకు చెప్పిందా?"

"నువ్వెక్కువ మాట్లాడతావే."

"మాట్లాడక? ఇది చార్జింగ్‌లో ఉన్నంతసేపూ హైడ్రోజన్ వదులుతుంది. నువ్వేమో ఆ ఊపిరి బయటికి పోకుండా స్వెట్టర్ తొడిగావు. ఊలు బట్ట విప్పేటప్పుడు చిటపటమంటుందా లేదా? ఆ ఒక్క చిటపట చాలు, పై మూత నీ మొహం మీదకొస్తుంది, యాసిడ్ కళ్లలోకొస్తుంది. టగ్‌బోటు మీద బ్యాటరీలకి కూడా చొక్కాలు తొడిగేవాడివా?"

"టగ్‌బోటు మీద బ్యాటరీలకి నేను తొడిగితే కెప్టెన్ నన్ను నదిలోకి తోసేవాడు" అన్నాడు మెల్లగా. తప్పు చేసిన పిల్లాడి గొంతు.

చేతిని దగ్గరపెట్టి చూశాను. ముట్టుకోకుండానే వేడి తెలుస్తోంది. ఒక పక్క డబ్బా ఉబ్బిపోయి ఉంది, పంటి నొప్పి వచ్చినవాడి బుగ్గలా. ఇక ఇది బతకదు. ఇంకో రెండు రోజులు ఇలాగే చార్జర్ పెట్టి ఉంటే పగిలేది.

"మార్చాల్సిందే తాతా. ఇవాళే."

ఆయన కారు పైకప్పు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నది వైపు నుంచి పడవ ఒకటి కూసింది.

"గ్యాసు పోవడానికి అరగంట వదిలెయ్యాలి. అప్పటిదాకా లోపల కూర్చుందామా?" అన్నాను.

వంటిల్లు వెచ్చగా ఉంది. గుమ్మడికాయ కూరి చేసిన పొరల రొట్టె కోసి పెట్టాడు. అంచులు మాడాయి. తనే చేసుకున్నాడట. "నెవెనా చేస్తే ఇలా ఉండేది కాదు, తిను" అన్నాడు. నెవెనా ఆయన భార్య. మూడేళ్ల కిందట పోయింది. ఆవిడ నాకూ తెలుసు. రేవు ఆఫీసులో నీటిమట్టం కొలిచే ఉద్యోగం ఆవిడది. రోజూ పొద్దున్నే నది ఎన్ని సెంటీమీటర్లుందో చూసి ఫోనులో చెప్పేది. ఆ అంకె మధ్యాహ్నం మూడింటికి రేడియోలో చదివేవాళ్లు. నది పొడుగునా ఒక్కో ఊరి పేరూ, ఒక్కో అంకె. మా ఊళ్లో పిల్లలందరూ ఆ గొంతు వింటూ నిద్రపోయినవాళ్లే.

"రిటైరయ్యాక కూడా మానలేదు" అన్నాడు తాత. "రోజూ మూడుకి పది నిమిషాలుందనగా కారు తీసి కట్ట మీదకి తీసుకెళ్లేది. డ్రైవింగ్ ఆవిడే. నేను పక్క సీట్లో కునుకు తీసేవాణ్ని. నదిని చూస్తూ రేడియో వినేది. ఆఫీసులో తన తర్వాత వచ్చిన పిల్ల చెప్పిన అంకె తప్పనిపిస్తే రేడియోతో పోట్లాడేది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఇక్కడే. పెరట్లో. మూడింటికి పక్క సీట్లో కూర్చుని వింటాను."

"ఇంజన్ వెయ్యకుండా?"

"వెయ్యకుండా."

బ్యాటరీ ఎందుకు చచ్చిందో నాకు అర్థమైంది. చొక్కా ఎందుకో అర్థమైంది. తియ్యనివ్వకపోవడం ఒక్కటే మిగిలింది.

"ఆ రేడియోకి ఆరు బటన్లున్నాయి" అన్నాడు. "అన్నీ ఆవిడే పెట్టుకుంది. ఒకటి నీళ్లు. రెండు వార్తలు. మూడు పాత పాటలు. నాలుగు అవతలి ఒడ్డున రొమేనియా వాళ్లది. ఆవిడకి ఒక్క ముక్క రాదు ఆ భాష. అందుకే బాగుందనేది."

"ఐదు, ఆరు?"

తాత చాకుతో రొట్టె ముక్కల్ని పళ్లెంలో ఒక వైపుకి తోశాడు.

"అవి నేనెప్పుడూ నొక్కలేదు."

"ఎందుకు?"

"నొక్కితే తెలిసిపోతుంది కదా. అన్నీ ఒకేసారి తెలిసిపోతే తర్వాత ఏముంటుంది?"

నేను రొట్టె నములుతున్నదాన్ని ఆగిపోయాను. ఇంజన్ ఆపేసినా కారు పూర్తిగా ఆరిపోదు. గడియారం నడవాలి, రేడియో తన స్టేషన్లు గుర్తుంచుకోవాలి. దానికోసం ఇరవయ్యో ముప్ఫయ్యో మిల్లీయాంపులు, అంటే దాదాపు ఏమీ లేనంత, బ్యాటరీలోంచి రాత్రీ పగలూ కారుతూ ఉంటాయి. స్కూల్లో దానికో పేరు చెప్పారు. నేను మాత్రం కలల కరెంటు అంటాను. నిద్రపోయే కారు కలలు కనడానికి తాగే కరెంటు. బ్యాటరీ వైరు ఒక్క నిమిషం విప్పితే ఆ కల తెగిపోతుంది. ఆ పాత రేడియోలు మళ్లీ లేచి ఎవర్నీ గుర్తుపట్టవు.

వెల్కో తాత మూడేళ్లుగా ఆ కల తెగకుండా చూసుకుంటున్నాడు.

"తాతా, తెగకుండా మార్చొచ్చు" అన్నాను. "నా దగ్గర చిన్న బ్యాటరీ ఉంది. దాని వైరు సిగరెట్ లైటర్ సాకెట్లో పెడతాం. పెద్దది విప్పినంతసేపూ చిన్నది పాలు పడుతుంది. రేడియోకి ఏమీ తెలీదు."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆయన నా మొహంలోకి చూశాడు. "నీ చేతిలో పెడుతున్నానమ్మాయ్" అన్నాడు.

అరగంట తర్వాత బయటికెళ్లాం. వాసన పోయింది. మంచు ఇంకా దిగింది. నేను అద్దాలు, గ్లోవ్స్ వేసుకుని చార్జర్ క్లిప్పులు తీశాను. చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పి, తడిగుడ్డ పట్టుకుని ఎత్తి పక్కన పెట్టాను. తాత చిన్న బ్యాటరీ తీసుకుని కారులో తన పక్క సీట్లో కూర్చుని, అలవాటు కొద్దీ తలుపు వేసేసుకున్నాడు.

"ప్లగ్గు గట్టిగా నొక్కు తాతా! దాని మీద పచ్చ దీపం వెలగాలి!" అని అరిచాను.

బానెట్ ఎత్తి ఉంది కదా, దాని కింద సందులోంచి అద్దం వెనక ఆయన మొహం సగం కనిపిస్తోంది, నీళ్లలో మొహంలా. వంగి ఏదో చేశాడు. లేచాడు.

"వెలిగిందా?"

అదే సమయానికి నదిలో పడవ కూసింది. పొడుగ్గా, ఆపకుండా. ఆయన పెదాలు కదిలాయేమో నాకు తెలీదు. తల మాత్రం స్పష్టంగా చూశాను. పైకీ కిందకీ.

నేను నల్ల క్లాంప్ నట్టు తిప్పాను. మైనస్ ముందు విప్పాలి, ఎప్పుడూ మైనసే ముందు. అది మాత్రం నేను తప్పు చెయ్యలేదు. విప్పి, పైకెత్తి, పక్కకి పెట్టాను.

స్కూల్లో మొదటి వారమే చెప్పారు: మనిషి చెప్పింది కాదు, మీటర్ చెప్పింది నమ్ము. మీటర్ నా సంచీలోనే ఉంది. పైనే ఉంది.

కారు తలుపు తెరుచుకుంది.

"వెలగట్లేదమ్మాయ్. అటు తిప్పినా ఇటు తిప్పినా వెలగట్లేదు. ఏం చేద్దాం?"

నల్ల క్లాంప్ నా చేతిలో ఉంది. బానెట్ అడ్డం కాబట్టి ఆయనకి కనిపించలేదు. నేను వెంటనే దాన్ని మళ్లీ పెట్టేశాను. లోపల రేడియో 'టక్'మంది. నిద్రలో తట్టి లేపితే మనిషి గొంతులోంచి వచ్చే చప్పుడు లాంటిది. ఆ చప్పుడు అర్థం నాకు తెలుసు. ఆయనకి తెలీదు.

ఇక్కడ నేను రెండో తప్పు చేశాను. అది తల తప్పు కూడా కాదు.

"పర్లేదు తాతా, ఇక దాంతో పని లేదు" అన్నాను.

"లేదా? మరీ మంచిది!" అని ఆయన మొహం వెలిగిపోయింది. "టీ పెట్టుకొస్తాను, లిండెన్ పువ్వు ఎండబెట్టింది ఉంది" అని లోపలికి దాదాపు పరుగెత్తాడు.

నేను పని చేసుకుంటూ పోయాను. అబద్ధం చెప్పినవాళ్ల చేతులు ఎంత నీటుగా పని చేస్తాయో ఆ రోజే తెలిసింది. మైనస్ మళ్లీ తీశాను, తర్వాత ప్లస్. ఉబ్బిన బ్యాటరీని పక్కకి వంగనివ్వకుండా నిటారుగా ఎత్తి ప్లాస్టిక్ తొట్టిలో పెట్టాను. క్లాంపుల మీద పూసిన తెల్లటి బూజుని సోడా నీళ్లతో కడిగాను. బుసబుసమని పొంగి, చల్లారింది. లైటర్ సాకెట్ ఫ్యూజు చూశాను. కాలిపోయి ఉంది, బహుశా నేను స్కూల్లో చేరకముందే. కొత్త బ్యాటరీ దింపి, ప్లస్ ముందు, మైనస్ చివర, బిగించి, గ్రీజు రాశాను. చేతులు కడుక్కున్నాను. తర్వాత పక్క సీట్లో కూర్చుని రేడియో పెట్టాను.

ఒకటి నొక్కాను. 87.5, డయల్ మొదట్లో ఏ స్టేషనూ లేని చోటు. గరగర. రెండు, 87.5. మూడు, 87.5. నాలుగు, ఐదు, ఆరు కూడా. ఆరు బటన్లలోనూ అదే మంచు.

తాత టీ కప్పులతో వచ్చాడు. నేను లేచి చోటిచ్చాను. ఆయన తన సీట్లో సర్దుకుని, కప్పు మోకాలి మీద పెట్టుకుని, ఒకటో బటన్ నొక్కాడు. గరగర. నా వైపు చూసి నవ్వాడు, మూడింటికి ఇంకా టైముంది కదా అన్నట్టు. నాలుగు నొక్కాడు. గరగర. నవ్వు మెల్లగా దిగింది. ఆయన వేలు ఐదో బటన్ పైకి వెళ్లి, దాన్ని తాకకుండా ఆగింది.

"నొక్కొద్దు తాతా" అన్నాను. "అక్కడ కూడా ఏమీ లేదు. నేను తెంపేశాను. నువ్వు దిగకముందే మైనస్ విప్పేశాను. నీకు చెప్పలేదు."

ఆయన వేలు అలాగే ఉంది.

"వెలగట్లేదని చెప్పానుగా."

"వినపడలేదు. తల ఊపావు."

"అదే, లేదని ఊపాను."

"నాకు అవునని కనిపించింది."

ఆయన చాలాసేపు నా తల వైపు చూశాడు. దాన్నెవరో అక్కడ కొత్తగా బిగించినట్టు.

"ఇంజన్ల మోతలో ఎవడి మాటా ఎవడికీ వినపడదు" అన్నాడు చివరికి. "నలభై ఒక్క ఏళ్లు తలతోనే మాట్లాడుకున్నాం టగ్‌బోటు మీద. ఆపు, తిప్పు, చెయ్యి తియ్యి, అన్నీ తలతోనే. ఒక్కడికి ఒక్క వేలు తెగలేదు."

తిట్టి ఉంటే బాగుండేది. మామయ్యైతే ఊరంతా వినపడేలా తిట్టేవాడు. టీ కప్పు మీంచి ఆవిరి లేచి అద్దానికి పట్టింది. ఇద్దరం ఆ తెలుపులో కూర్చున్నాం. ఆయన లోపల, నేను తెరిచిన తలుపు దగ్గర గొంతుక్కూర్చుని. టైము ఎటో వెళ్లిపోయింది. కారు గడియారం సున్నా దగ్గర మిణుకుమిణుకుమంటోంది. అది కూడా మాకు సాయం చెయ్యలేదు.

"నీళ్లు ఎక్కడొస్తాయి?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఆఁ?"

"ఒకటో నంబరు. ఎక్కడుంటుందో నీ ఫోనుకి తెలుసా?"

తెలుసు. ఫోనుకి అలాంటివన్నీ తెలుసు. నేను నంబరు చెప్పాను, ఆయన మెల్లగా రేడియో చక్రం తిప్పాడు. ఎవరో ఆవిడ బంగాళదుంపలు నిల్వ చెయ్యడం గురించి మాట్లాడుతోంది. "ఇప్పుడు ఒకటో బటన్ నొక్కి పట్టుకో తాతా. బీప్ అనేదాకా వదలకు." మూడేళ్లుగా అదే బటన్ నొక్కుతున్న మనిషికి నొక్కి పట్టుకోవడం తెలీదు. రెండుసార్లు ముందే వదిలేశాడు. మూడోసారి బీప్ అంది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ఇంతేనా?"

"ఇంతే."

"నేనింకా ఆవిడకేదో పెద్ద విద్య తెలుసనుకున్నాను."

రెండు, మూడు కూడా అలాగే పెట్టాం. నాలుగు దగ్గర ఆగాం. రొమేనియా వాళ్ల స్టేషన్లు ఫోనులో తొమ్మిది కనిపించాయి. పెరట్లో ఒక్కటీ పలకట్లేదు. మధ్యలో గుట్ట అడ్డం.

"కట్ట మీదకెళ్తే వస్తుంది" అన్నాడు.

"వెళ్దాం మరి. ఎలాగూ కొత్త బ్యాటరీని పెరట్లో నిలబెట్టి రేడియో వింటే ఇది కూడా చస్తుంది. అరగంటైనా నడపాలి, రోజూ కాకపోతే రెండ్రోజులకోసారి."

"ఎవరు?"

"ఎవరంటావేంటి, నీకు లైసెన్సు లేదా?"

"ఉంది" అన్నాడు. లేదన్నంత నీరసంగా.

దిగి, కారు చుట్టూ తిరిగి, డ్రైవర్ తలుపు తెరిచాడు. కూర్చోబోతే మోకాళ్లు స్టీరింగ్‌కి తగిలాయి. ఆయనకి అర్థం కాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. నెవెనా పొట్టి మనిషి. ఆ సీటు మూడేళ్లుగా ఆవిడ కాళ్లకి తగ్గట్టు ముందుకే ఉంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు, చొక్కా అక్కర్లేదు. ఎవరూ కదపకపోతే ఇంకో వందేళ్లైనా అలాగే ఉంటుంది.

నేను సీటు జోలికి పోలేదు. ఆ రోజుకి నేను తుడిచింది చాలు.

తాత ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి అలాగే వంగి నిలబడ్డాడు. నది వైపు నుంచి ఈసారి పడవ ఏదీ కుయ్యలేదు. తర్వాత ఆయన సీటు కిందకి చెయ్యి పెట్టి ఇనపకడ్డీ లాగాడు. సీటు టకటకమని వెనక్కి జరిగింది. ఒక్కో పన్ను దాటుతూ, ఆపి ఆపి, చివరిదాకా.

"ఎక్కు" అన్నాడు.

ఆయన సీట్లో నేను కూర్చున్నాను. పాత బ్యాటరీ తొట్టిలో గోడవార ఉండిపోయింది. దాన్ని మనుషులు కూర్చునే చోట పెట్టకూడదు, మామయ్య వ్యాను తెచ్చి తీసుకెళ్తాడు. ఇంజన్ ఒక్కసారికే అందుకుంది. దీపాలు వేసుకుని, నడిచే మనిషి కంటే కొంచెం వేగంగా, వీధిలోంచి కట్ట మీదకి వెళ్లాం. పోప్లర్ చెట్లు ఒకదాని తర్వాత ఒకటి మంచులోంచి వచ్చి, మమ్మల్ని చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోతున్నాయి. తాత రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని ముందుకు వంగి నడుపుతున్నాడు, పడవ నడిపేవాళ్లలా, రోడ్డుని కాకుండా దూరాన్ని చూస్తూ.

కట్ట మీద ఆపాం. నది లేదు. కింద ఎక్కడో నీళ్లు రాయిని నాకుతున్న చప్పుడు మాత్రం ఉంది. మూడింటికి ఒకటో బటన్‌లో గొంతు వచ్చింది. తొందర లేని గొంతు. నోవో సెలో, ఒక అంకె. లోమ్, మూడు వందల పన్నెండు, నాలుగు తగ్గింది. ఒర్యాహోవో. స్విష్తోవ్. రూసే. సిలిస్త్రా. ఒక్కో పేరుకీ ఒక్కో ఊరు మంచులో దీపం పెట్టినట్టు అనిపించింది. నది మొత్తం మా పక్కనుంచి అంకెల్లో వెళ్లిపోయింది.

"మూడు వందల పన్నెండు" అన్నాడు తాత. "అయ్యుంటుంది." తర్వాత కొంచెం ఆగి, "పద్నాలుగు అనేదేమో ఆవిడైతే. పోట్లాడేది."

నాలుగు కోసం చాలాసేపు వెతికాం. నేను చక్రం తిప్పుతాను, ఆయన చెవి పెడతాడు. వాయులీనం ఒకటి వచ్చింది, వద్దన్నాడు. ఫుట్‌బాల్, వద్దన్నాడు. ఒక ఆడమనిషి ఏదో చదువుతోంది. వాతావరణమో, ఎవరి చావు కబురో మా ఇద్దరికీ తెలీదు. తాత చెయ్యెత్తాడు. ఆవిడ వాక్యం చివర గొంతు కాస్త పైకి లేపుతోంది, ప్రతిసారీ ఎవరినో అడుగుతున్నట్టు.

"ఇదే. ఈ గొంతు వస్తే నేను నిద్రపోయేవాణ్ని."

తనే నొక్కి పట్టుకున్నాడు. బీప్.

ఇక ఐదు, ఆరు మిగిలాయి. క్షమించు తాతా అనడానికి కూడా సిగ్గేసింది. ఆ మాట చాలా చిన్నది, కాలిపోయిన ఫ్యూజంత.

"జోరీ" అన్నాడు. ఆ రోజు మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు. "ఐదోది నువ్వు పెట్టు."

"నేనా? ఏది పెట్టను?"

"నీ ఇష్టం. నాకు చెప్పకు."

"తాతా..."

"చెప్పకు అన్నాను కదా. నేను నొక్కను. దాంట్లో ఏదో ఉందని తెలిస్తే చాలు."

ఆయన తల అటు తిప్పుకుని, లేని నదిని చూస్తూ కూర్చున్నాడు. నేను చప్పుడు పూర్తిగా తగ్గించి చక్రం తిప్పాను. చాలా ఆలోచించాను. ఒక చనిపోయిన మనిషి చోటులో ఏం పెట్టాలో నాకెవరూ ఏ స్కూల్లోనూ చెప్పలేదు. చివరికి ఒకటి పెట్టాను. ఏది అన్నది మీక్కూడా చెప్పను. తాతకి మనవరాలుంది, ఇవన్నీ చదివి వినిపిస్తుంది.

ఇది జరిగి నాలుగు నెలలైంది. కారు రెండ్రోజులకోసారి కట్ట మీదకి వెళ్తోంది, బ్యాటరీ పన్నెండు పాయింట్ ఏడు వోల్టుల దగ్గర హాయిగా ఉంది. నేను ఇప్పుడు మామయ్య కాఫీ అడిగినా నోటితోనే జవాబిస్తాను. ఐదు ఇప్పటిదాకా నొక్కలేదట. ఆరో బటన్ ఇంకా 87.5 లోనే ఉంది. దాంట్లో ఏం పెట్టాలో ఆలోచించి చెప్పమని తాత నన్ను అడిగాడు, నాకు తోచట్లేదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ ఇంట్లో కూడా ఒక పాత బండి ఉండే ఉంటుంది. బ్యాటరీ విప్పిన రోజు అది ఏం మర్చిపోయింది? మీ నాన్న పెట్టుకున్న పాటలా, మీ పిన్ని సర్దుకున్న అద్దమా, ఎవరూ సరిచెయ్యని గడియారమా? దాన్ని మళ్లీ పెట్టారా, అలాగే వదిలేశారా? రాయండి. నేను తాతకి చదివి వినిపిస్తాను, కట్ట మీద, మూడు దాటాక.